ముగ్గు పోసిన హాలు

కాశిబుగ్గలో నేను గీసిన సంగీత కేంద్రం ముందు ఎవరు ఆగినా మొదట పాటల గురించి అడగరు. ఒక కన్ను చికిలించి గోడ వెంట చూపు నడిపించి, "ఆగ్నేయం పెరిగింది కదా మేడం" అంటారు. వాస్తు తెలియని మనిషి వరంగల్‌లో ఇంకా పుట్టలేదు. చాయ్ బండి ఆయనకు తెలుసు, ఆటో అన్నకు తెలుసు, కరెంటు మీటరు చూడటానికి వచ్చినాయనకు నాకంటే బాగా తెలుసు. వాళ్లు చెప్పేది నిజమే. తిన్నగా వచ్చిన గోడ ఆ మూలకు రాగానే రోడ్డు వైపు వంకరగా ముందుకు పొడుచుకొచ్చి, మళ్లీ వెనక్కి తిరుగుతుంది. "ముగ్గు పోసేటప్పుడు దారం జారిందా?" అని అడిగిన మేస్త్రీలూ ఉన్నారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఓపిక లేని రోజు, "అవును, పెరిగింది. ఆగ్నేయంలో నిప్పుండాలంటారుగా, ఉంది, పోయి చూడండి" అని నా దారిన నేను పోతాను. ఓపిక ఉన్న రోజు కూర్చోబెట్టి ఇదంతా చెబుతాను.

నేను ఆర్కిటెక్టును. హన్మకొండలో చిన్న ఆఫీసు. అందరూ ఇంజనీర్ మేడం అంటారు. ఇంజనీర్‌ను కాదని చెప్పి చెప్పి నోరు నొచ్చి మానుకున్నాను. పుట్టింది బజారులో బట్టల కొట్టు ఉన్న ఇంట్లో. మా ఇంటి పెళ్లిళ్లలో సన్నాయి పందిట్లో కూర్చునేది, డప్పు గేటు దగ్గర నిలబడేది. మగపెళ్లివారిని ఎదుర్కోవడానికి డప్పు లేకపోతే ఎవరూ కదిలేవారు కాదు. గేటు దాటాక మాత్రం ఆ చప్పుడు ఆగిపోయేది. చిన్నప్పుడు అదేమీ వింతగా అనిపించలేదు. వాన బయట కురుస్తుంది, డప్పు బయట మోగుతుంది, అంతే అనుకున్నాను.

ఈ కేంద్రం కట్టిన జాగా ఒకప్పటి మగ్గాల షెడ్డుది. షెడ్డు కూలిపోయి చాలా కాలం పిచ్చిమొక్కలు పెరిగాయి. ఆ జాగా కొనుక్కున్న బట్టల సేటు భార్య భజన పాటలు పాడేది. ఆమె పోయాక ఆయన వాడకట్టు పెద్దలను పిలిచి, ఇక్కడ పాటకు, ఆటకు ఒక ఇల్లు కడదాం, అందరూ నేర్చుకోవాలి, అందరూ ఆడాలి అన్నాడు. నిజంగా మంచి మనసుతో అన్నాడు. భజన మండలి ఉంది, కోలాటం ఆడవాళ్లున్నారు. పొలం పనులు లేనప్పుడు చిరుతల రామాయణం ఆడే రైతులు వర్ధన్నపేట వైపు నుంచి వస్తామన్నారు. చేతుల్లో చెక్క చిరుతలు వాయించుకుంటూ గుండ్రంగా తిరిగే ఆట అది. కమిటీ ఏర్పడింది, నన్ను పిలిచారు.

మొదటి మీటింగులో ఒక్కొక్కరూ ఒక్కొక్కటి అడిగారు. ఏసీ కావాలి, కుషన్ కుర్చీలు కావాలి, నాయకులొస్తే అందరూ పట్టేంత స్టేజీ కావాలి. నేను రాసుకుంటున్నాను, లోపల లోపల విసుక్కుంటున్నాను. అప్పుడొచ్చింది ఆమె, డ్యూటీ దిగి నేరుగా. చీర మీద ఖాకీ చొక్కా, భుజాన టికెట్ మిషను సంచి. ఖమ్మం రోడ్డు బస్సులో కండక్టరు. సాయంత్రం పూట వాకిట్లో ఆడపిల్లలకు డప్పు నేర్పిస్తుందని అప్పటికే విన్నాను. చుట్టుపక్కల వాళ్లు చెవులు పగిలిపోతున్నాయని గొడవ పెడతారని కూడా విన్నాను. ఆమె కూర్చోలేదు.

"బిల్డింగ్ ఎట్లనన్న కట్టుండ్రి. మా బాపు లోపటికొచ్చి డప్పు కొట్టాలె. గంతే," అంది.

 వాళ్ల నాన్న ఆ వాడకట్టులో ప్రతి పెళ్లికీ, ప్రతి చావుకూ, ప్రతి పండుగకూ డప్పు కొట్టిన మనిషి. ఆయన్ను ఎరగని ఇల్లు లేదు. ఆయన అడుగుపెట్టిన ఇల్లు కూడా లేదు. ఇంకో మాట కూడా చెప్పింది ఆమె. "ఎడమ చెయ్యి వణుకుతాంది అక్కా. సిటికెన పుల్ల జారుతాంది. ఆ చెయ్యి పడిపోకముందే అయితె మంచిగుంటది." ఏం కట్టాలో నాకు ఇంత తేటగా చెప్పిన మనిషి ఈ వృత్తిలో అంతకుముందు తగల్లేదు. ఏసీ, కుషన్ కుర్చీలు రాసిన కాగితం మడిచి సంచిలో పడేశాను.

తర్వాత ఒకసారి పనిమీద వర్ధన్నపేట పోతూ ఆమె బస్సే ఎక్కాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన రోజులు, బస్సులో కాలు పెట్టే సందు లేదు. ఆ రద్దీలో ఆమె గొంతు ఒక్కటే నడుస్తోంది. "లోపటికి జరుగుండ్రి, డోర్ కాడ నిలవడకుండ్రి, జర లోపటికి జరుగు పెద్దయ్యా!" మీసాలు మెలేసిన వాళ్లు కూడా కిక్కురుమనకుండా జరుగుతున్నారు. నాకు తెగ ముచ్చటేసింది. దిగేటప్పుడు, నీ మాటకు ఊరంతా లోపలికి జరుగుతుందే అన్నాను. నవ్వింది. "అందరు జరుగుతరు. ఒక్క మా బాపు జరుగడు," అంది.

అసలు చిక్కు నిప్పుతో వచ్చింది. డప్పు తోలు చల్లబడితే గొంతు పడిపోతుంది. మంట దగ్గర పెట్టి కాచుకుంటే మళ్లీ బిగుసుకుని పలుకుతుంది. కాసేపు కొట్టాక మళ్లీ కాచుకోవాలి. కాబట్టి డప్పు ఉన్నచోట మంట ఉండి తీరాలి. కమిటీలో ఈ మాట రాగానే సేటు చెయ్యి అడ్డం పెట్టాడు. "లోపట పర్దలుంటయి, చాపలుంటయి బిడ్డా. ఒక్క రవ్వ పడ్డదంటె మొత్తం బుగ్గి. డప్పుకు ఎనుక షెడ్డు ఏద్దాం తియ్యి." బట్టల కొట్టు వాళ్లకు నిప్పంటే ఎంత భయమో నాకు తెలుసు. మా నాన్న కొట్లో దేవుడికి కూడా ఎర్ర బల్బే వెలిగేది, దీపం కాదు. ఆయన భయంలో అబద్ధం లేదు. కానీ ఎనుక షెడ్డు అన్న మాట వినగానే కండక్టరమ్మ ముఖం చూశాను. పోట్లాడలేదు, నావైపు తిరిగి ఊరికే చూసింది. నువ్వు చూసుకో అన్నట్టు.

ఇంటికొచ్చి అదే పనిగా గీశాను, చింపాను, మళ్లీ గీశాను. చివరకు హాలు ముందు భాగంలోనే పైకప్పు లేని ఒక చిన్న వాకిలి పెట్టాను. చుట్టూ గోడ, నడుమ ఇటుకలతో కట్టిన గుండ్రటి నిప్పుగుంట. హాలు తలుపులు ఆ వాకిట్లోకే తెరుచుకుంటాయి. కప్పే లేదు కాబట్టి పొగ లేదు, పర్దా అంటుకునేది లేదు. సేటు కాగితం దగ్గరగా పెట్టుకుని చూసి, వేలు ఆకాశం వైపు ఎత్తాడు.

"పైన మొగులేనా?"

"మొగులే బాబాయ్."

"అయితె సరే."

ఆయన ఒప్పుకున్నాడంటే కమిటీ ఒప్పుకున్నట్టే. ఆ రోజు నా తెలివికి నేనే మురిసిపోయాను, దాచుకోవడమెందుకు. కానీ మిగతా అందరూ కూడా ఆ కాగితం మీద తలొంచి, "మంచిగున్నది మేడం" అన్నారు. ఈ మంచిగున్నది మేడం అనే మాటంటే నాకు చెడ్డ అనుమానం. కాగితం అర్థం కాని వాళ్లు మర్యాద కోసం వాడే మాట అది. తీరా గోడలు లేచాక, ఇదేంది మేడం ఇంత ఇరుకున్నది అంటారు. అందుకే నా దగ్గర ఇల్లు కట్టించుకునే వాళ్లందరికీ ముందు నేల మీద మొత్తం ఇంటికి ముగ్గు పోసి చూపిస్తాను. అందులో నిలబడి వంట చేసుకున్నట్టు చెయ్యి తిప్పమంటాను. నవ్వుతారు, కానీ పొయ్యి ఎక్కడుండాలో అప్పుడే చెబుతారు. ఈ హాలుకూ అదే చేద్దామన్నాను. ముగ్గు పోద్దాం, అందరూ వచ్చి అందులో ఆడండి, పాడండి, ఎక్కడ తగులుకుంటే అక్కడ గోడ మారుద్దాం.

కండక్టరమ్మకు సెలవు దొరికిన శనివారం ఇద్దరం మొదలుపెట్టాం. నేను టేపు పట్టి మేకులు కొట్టి దారం కట్టాను, ఆమె తట్టలో సున్నంపొడి తీసుకుని దారం వెంట పోసింది. రోజూ వాకిట్లో ముగ్గేసే చెయ్యి, ఎక్కడా ముద్ద పడకుండా సన్నగా జారుతోంది. స్టేజీ, వేషాల గది, బాత్రూములు, మెట్లు, వాకిలి, నిప్పుగుంట అన్నీ పోశాం. తలుపులున్న చోట గీత ఆపి ఖాళీ వదిలాం. నిప్పుగుంటను మాత్రం ఆమె దారం లేకుండా గుండ్రంగా పోసింది. పోసి, దాని పక్కన కాసేపు కూర్చుంది. "గిక్కడ కూసుంటడు," అంది, నేల మీద చెయ్యి పెట్టి.

ఆదివారం పొద్దున జనం వచ్చారు. అప్పుడు జరిగింది నేను ఇప్పటికి ఎంతమందికి చెప్పానో. ఎవరూ చెప్పకుండానే చెప్పులు తలుపు ఖాళీ బయట విడిచారు. ఆకాశం కింద, మట్టి మీద, వేలెడు ముగ్గుగీతకు అవతల చెప్పుల వరుస! గేటు నుంచి సూటిగా నడిస్తే రెండంగల్లో స్టేజీ దగ్గరికి పోవచ్చు. ఒక్కరూ అట్లా పోలేదు. చుట్టూ తిరిగి తలుపులోంచే వచ్చారు. నేను మాత్రం టేపు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ అడ్డదిడ్డంగా గీతలు దాటుతున్నాను. కోలాటం పెద్దమ్మ ఒకావిడ నడుమ్మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏంది మేడం, గోడల నడుమకెళ్లి నడుత్తానవు? తలుపు కనవడ్తలేదా?"

నేను గీసిన గోడకు నేనే తిట్లు తిన్నాను. తలుపు దగ్గరికి వెనక్కి పోయి, చెప్పులు విడిచి, బుద్ధిగా లోపలికి వచ్చాను. బాత్రూమని రాసిన చోట ఎవరూ నిలబడలేదు. ఎండ నెత్తిన మాడుస్తుంటే భజన మండలి తాత ఒకాయన, "ఈ గోడకు కిటికి పెట్టు బిడ్డా, ఉక్క పోత్తాంది" అన్నాడు. నేను నవ్వలేదు, కిటికీ రాసుకున్నాను. ఇలాంటి మనుషులకు ఇల్లు గీయడం కంటే అదృష్టం ఏముంటుంది? లేని గోడకు ఇంత మర్యాద ఇచ్చేవాళ్లు ఉన్న గోడను ఎంత బాగా చూసుకుంటారో అనుకున్నాను.

భజన బాగా సాగింది. కోలాటం ఆడవాళ్లు ఆడుతుంటే స్టేజీ చాల్లేదని తెలిసింది. చిరుతల రామాయణం రైతులు అసలు స్టేజీ ఎక్కేదే లేదన్నారు. చుట్టూ జనం లేకుంటే రాముడికి ఊపు రాదట. రాముడి వేషగాడు మామూలు చొక్కాలో, జేబులో ఫోనుతో హాలు నడుమ తిరుగుతుంటే, సేటుతో సహా అందరూ చుట్టూ చేరి తాళం వేశారు. స్టేజీని సగం తగ్గించి హాలు నేలనే పెంచాలని అప్పుడే గీసుకున్నాను. నా కాగితం మీద తప్పులు పడేకొద్దీ నాకు హుషారు పెరుగుతోంది.

తర్వాత డప్పుల వంతు. కండక్టరమ్మ దగ్గర నేర్చుకునే ఆడపిల్లలు డప్పులు భుజాన వేసుకుని తలుపులోంచి కిలకిలమంటూ వచ్చి, వాకిట్లో నిప్పుగుంట చుట్టూ నిలబడ్డారు. వాళ్ల వెనకే కండక్టరమ్మ నాన్న వచ్చాడు. తెల్ల పంచె, భుజాన డప్పు, చంకలో గుప్పెడు వరిగడ్డి. గేటు దాటాడు. తలుపు వైపు రాలేదు. గేటు పక్క మూలన, మా ముగ్గుగీతకు అవతలే ఆగి, గడ్డి కింద పెట్టి అగ్గిపుల్ల గీశాడు. ఆ మంటలోనే డప్పు తిప్పి తిప్పి కాచుకున్నాడు. ఇక్కడే అని ఎవరో చెప్పినట్టు, ఎప్పటినుంచో అది తన చోటే అయినట్టు నిలబడ్డాడు.

ఆయనకూ, ఆయన కోసం గీసిన నిప్పుగుంటకూ నడుమ ఉన్నది వేలెడు సున్నం గీత. గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోయే గీత. పొద్దుటినుంచి ఆ గీతలను చూసి మురిసిపోయిన నాకు అప్పుడు మాత్రం నా గీత మీదే కోపమొచ్చింది. ఎవరూ రావద్దనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. సేటు కుర్చీలోంచే మెత్తగా, "ఆణ్నుంచి గూడ మంచిగనె ఇనవడ్తది తియ్యి బిడ్డా" అన్నాడు నాతో. ఆయన చెడ్డగా అనలేదు. అందుకే నాకు ఇంకా కోపమొచ్చింది. టేపు కింద పడేసి డప్పు పెద్దాయన్ను చెయ్యి పట్టుకుని తెచ్చేద్దామని కదిలాను.

కండక్టరమ్మ నా జబ్బ పట్టుకుని ఆపింది. "పిలువకు అక్కా. పిలిస్తె వత్తడు. నీ మాట తీసెయ్యలేక వచ్చి, జరసేపు కూసొని, మళ్ల ఆడికే పోతడు."

"మరి?"

ఆమె చూపు వాళ్ల నాన్న మీదే ఉంది. ముఖం కందిపోయింది, పెదవి కొరుక్కుంటోంది. అప్పటికే ఆయన మొదలుపెట్టాడు. మొదటి దెబ్బకే పిల్లల నవ్వులు ఆగిపోయాయి. సన్నగా మొదలై మెల్లగా కమ్ముకునే దరువు అది. ఎడమ చేతిలోని సన్నటి చిటికెన పుల్ల అప్పుడప్పుడు తడబడుతోంది, తడబడినప్పుడల్లా కుడి చెయ్యి దాన్ని కాచుకుంటోంది. అలా కాచుకోవడంలోనే ఏదో కొత్త అందం వస్తోంది. కళ్లు సగం మూసుకుని వాయిస్తున్నాడు. గేటు బయట పెళ్లిళ్లకు కూడా ఇంతే బాగా కొట్టి ఉంటాడు. ఒక్కసారైనా నిలబడి విన్నానా నేను?

ఆమె వంగి సున్నం తట్ట ఎత్తుకుంది. బస్సంతా వినపడే గొంతున్న మనిషి ఒక్క మాట మాట్లాడలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని తలుపులోంచి బయటికి పోయి, చుట్టూ తిరిగి, ఆ మూల దగ్గర మేం పోసిన గోడ గీతను పాదంతో చెరిపేసింది. చెరిపిన చోటునుంచి కొత్త గీత మొదలుపెట్టింది. దారం లేదు, మేకు లేదు, టేపు లేదు. వంగి, గేటు వైపు జరుగుతూ, వాళ్ల నాన్న వీపు వెనకనుంచి, మండుతున్న గడ్డి అవతలనుంచి ముగ్గు పోసుకుంటూ పోయి, తిప్పి తెచ్చి పాత గోడకు కలిపేసింది. గీత వంకర పోయింది. గబగబా పోసింది మరి. లేచి, తట్ట చంకన పెట్టుకుని, గీతకు లోపలి వైపు నిలబడింది. ఆమె ఆయన్ను హాల్లోకి తేలేదు. హాలునే ఆయన దగ్గరికి తెచ్చింది.

నాకు కళ్లనీళ్లొచ్చేశాయి, ఏమీ దాచలేదు. భజన మండలి వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.  ముందు నోరు తెరిచింది నన్ను తిట్టిన ఆ కోలాటం పెద్దమ్మే. గేటు దగ్గర ఫోనులో వీడియో తీస్తున్న ఒకాయన కొత్త గీత మీద కాలు పెట్టి నిలబడ్డాడు.

"ఓ తమ్మీ, గోడ మీద ఎక్కి నిలవడ్డవేంది? దిగు, దిగు!" అని అరిచింది.

ఆయన ఉలిక్కిపడి కింద చూసుకుని, సారీ పెద్దమ్మా అంటూ దిగాడు. అంతే, గోడ లేచింది.  సేటు లేచి, స్టేజీ వైపు తిరిగి ఉన్న తన ప్లాస్టిక్ కుర్చీని ఎత్తి ఈ మూల వైపు తిప్పి వేసుకుని కూర్చున్నాడు. పిల్లలు నిప్పుగుంట వదిలేసి డప్పులతో ఇటు పరుగెత్తుకొచ్చారు. నేను కళ్లు తుడుచుకుని మేకులు తీసుకుని, ఆ వంకర గీత చెరగకముందే దాని మలుపు మలుపునా ఒక్కొక్కటి దిగ్గొట్టాను. ఆ గోడ రోడ్డుకు మరీ దగ్గరైంది, మున్సిపాలిటీ వాళ్లు అంత దగ్గర ఒప్పుకోరని నాకు తెలుసు. ఆయన్ను జరపడం కంటే బిల్డింగును వెనక్కి జరపడం తేలిక అనుకున్నాను. తర్వాత అదే చేశాను. వెనక ఉన్న సామాన్ల గది పోయింది, పోనీ. నిప్పుగుంట ఆ మూలకే వచ్చింది. గీతలో ఉన్న వంకరను మాత్రం ఎవరెంత చెప్పినా సరిచేయలేదు.

ఆ పొద్దున ఆయనకు ఇదేమీ తెలియదు, కళ్లు మూసుకుని కొడుతున్నాడు. డప్పు చల్లబడి దరువు తగ్గినప్పుడు, మళ్లీ కాచుకుందామని మంట వైపు వంగాడు. అప్పుడు కనపడింది, మంట అవతల తెల్లటి గీత. దాన్ని పట్టుకుని చూపు తన వెనక్కి, అక్కడినుంచి గోడ దాకా పోయింది. తలెత్తి బిడ్డను చూశాడు. ఒళ్లంతా సున్నం చేసుకుని తట్టతో నిలబడ్డ బిడ్డను చాలాసేపు చూశాడు.  వంగి డప్పు కాచుకున్నాడు. భుజానికి సర్దుకుని మళ్లీ పుల్ల ఎత్తాడు. ఎత్తినవాడు ఆగి, తన కాళ్ల వైపు చూసుకున్నాడు. చెప్పులు విడిచి, ఒక్కొక్కదాన్నీ కాలితోనే మెల్లగా గీత అవతలికి, గోడ బయటికి నెట్టి, వట్టికాళ్లతో దరువు మొదలుపెట్టాడు.